నిదానం

తెలుగువారు 'నిదానం' అనే పదాన్ని నెమ్మది అనే అర్థంలో వాడుతారు. సంస్కృతంలో ఆ పదానికి మూలకారణమని అర్థం. వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని నిర్ణయించడమని అర్థం. మాధవకరుడు రచించిన ఆయుర్వేద గ్రంథానికి 'మాధవనిదానం' అనే పేరు స్థిరపడటానికి కారణం అదే. ఆ గ్రంథంలో చికిత్స లేదు. రోగాన్ని గుర్తించడం ఎట్లా అనే ఒక్క విషయం పైననే గ్రంథకర్త తన శక్తినంతా వెచ్చించాడు. రోగమేదో తెలియకముందే మందు ఇచ్చే వైద్యులు ఆనాడూ ఉండి ఉంటారు.

ఈ పదానికి ఉన్న రెండు అర్థాలూ ఒకచోట కలిసిన సందర్భం ఒకటి 2025 మే నెలలో విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, ఒక వేపచెట్టు నీడలో సంభవించింది. అక్కడి రోగి ఒక పాత కారు.

ఆ కారు యజమాని ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. నివాసం అజిత్‌సింగ్ నగర్. 2002లో కొన్న ఆ చిన్న కారు ఆయనకు విలాసవస్తువు కాదు. ఆయన భార్యకు మూత్రపిండాలు పనిచేయడం మానివేసి రెండేళ్లయింది. వారానికి రెండు పర్యాయాలు ఆమెను డయాలిసిస్‌కు తీసుకొని వెళ్లాలి. ఆటో దొరకదా అంటే దొరుకుతుంది. కాని నాలుగు గంటల రక్తశుద్ధి ముగిసిన తరువాత ఆమెకు కూర్చునే శక్తి ఉండదు. వెనుక సీటులో కాళ్లు ముడుచుకొని పడుకొని ఇల్లు చేరాలి. ఆ సీటు కోసమే ఆయన ఆ కారును నిలుపుకొన్నాడు.

2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి విజయవాడలోని లోతట్టు ప్రాంతాలను ముంచివేసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానదిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం సాగింది. సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీరు నిలిచింది. పడవలు వచ్చి మనుషులను తరలించాయి. వాహనాలను తరలించేవారెవరు? ఉపాధ్యాయుని కారు సీట్ల ఎత్తు వరకు బురదనీటిలో నిలిచిపోయింది. నీరు తీసిన తరువాత నూనెలు మార్పించి, పరుపులు ఎండబెట్టి, ఎట్లాగో దానిని మళ్లీ నడిపించారు. శీతకాలమంతా అది చక్కగా తిరిగింది. వరద గండం గడిచిందని ఆయన భావించాడు.

మే నెల మొదటి వారంలో, మధ్యాహ్నపు ఎండలో, డయాలిసిస్ ముగించుకొని వస్తుండగా సింగ్‌నగర్ వంతెన ఎక్కేచోట కారు రెండుసార్లు కుదుపులిచ్చింది, వేగం తగ్గింది, ఆగిపోయింది. వెనుక సీటులో రోగి. వెనుకనుండి లారీల హారన్లు. ఆయన దిగి, అటుగా వెళ్తున్న ఇద్దరు యువకుల సాయంతో కారును పక్కకు నెట్టించాడు. ఇరవై నిమిషాల తరువాత తాళం తిప్పితే, ఏమీ జరగనట్లు ఇంజను మోగింది. నాలుగు రోజుల తరువాత మళ్లీ అదే చోట, అదే విధంగా జరిగింది.

ఆయన కారును ఒక మరమ్మతుశాలకు ఇచ్చాడు. వారు పెట్రోలు పంపు పోయిందన్నారు. పంపునూ, దానితోపాటు ఫిల్టరునూ మార్చి, నెల పింఛనులో పెద్ద భాగాన్ని బిల్లుగా తీసుకున్నారు. కొత్త పంపుతో కారు ఎనిమిది రోజులు నడిచింది. తొమ్మిదవ రోజున వంతెన మీద ఆగింది. అదే మరమ్మతుశాలవారు ఈసారి కారును నడిపే కంప్యూటరు పెట్టె, అనగా ఇ.సి.యు. చెడిపోయి ఉంటుందన్నారు. దాని ఖరీదు విన్న హైదరాబాదులోని కుమారుడు ఫోనులో, "నాన్నా, ఆ డబ్బా అమ్మేయండి" అన్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు అనిపించింది ఆయనకు. కొత్త కారు కొనగల స్తోమత లేదు. పాత కారును నమ్మి భార్యను ఎక్కించే ధైర్యమూ లేదు.

ఇక్కడ కొంత పూర్వకథ చెప్పుకోవాలి. మోటారుకారులో పెట్రోలును టాంకు నుండి ఇంజను వరకు చేర్చడం తొలినాళ్లలో కేవలం భూమ్యాకర్షణ చేసిన పని. 1908లో వచ్చిన ఫోర్డు 'మోడల్ టి' కారుకు పంపే లేదు. టాంకు కొంచెం ఎత్తులో ఉండేది. పెట్రోలు తనంతట తాను ఇంజనుకు దిగేది. పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారైన కొండ ఎక్కవలసివస్తే అది ఇంజను వరకు దిగక, జనం కారును వెనుకకు తిప్పి, రివర్సు గేరులో ఎక్కించేవారట! తరువాతి కాలంలో కార్బ్యురేటరు కార్లలో చాలావాటికి ఇంజను కదలికతోనే పనిచేసే యాంత్రిక పంపులు వచ్చాయి. 1948లో ఇంగ్లాండులో విడుదలైన మోరిస్ మైనరుకు మాత్రం విద్యుత్ పంపు ఉండేది. తాళం తిప్పగానే అది టిక్కు టిక్కుమని గడియారంలా మోగేది. అది మొరాయిస్తే చిన్న సుత్తితో మెల్లగా తట్టడం ఆనాటి డ్రైవర్లకు తెలిసిన వైద్యం.

మన దేశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చినా వేగంగా వచ్చింది. వాహనాల పొగ గురించి 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో దేశ రాజధాని ప్రాంతంలో 2000 ఏప్రిల్ నుండి యూరో-2 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ ప్రాంతంలోనే చిన్న కార్లలో సైతం కార్బ్యురేటరు తొలగి ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి వ్యాపించింది. టాంకులోనే మునిగి ఉండే విద్యుత్ పంపు పెట్రోలును ఒత్తిడితో పంపుతుంది. కంప్యూటరు పెట్టె ఆజ్ఞాపిస్తే రిలే అనే చిన్న పరికరం మూసుకొని పంపుకు విద్యుత్తునందిస్తుంది. సుత్తితో తట్టే వైద్యానికి కాలం చెల్లింది. పంపు ఆగితే కారణం పంపే కావచ్చు. ఫ్యూజు కావచ్చు, రిలే కావచ్చు, తీగ కావచ్చు, తీగ అతుకు కావచ్చు. లక్షణమొక్కటే, కారణాలు అనేకం. నిదానం అవసరమయ్యేది ఇటువంటిచోటనే.

ఎవరో చెప్పగా ఉపాధ్యాయుడు ఆటోనగర్‌లోని ఒక ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. అరవై ఏళ్ల సాయిబు. దుకాణమంటే ఒక రేకుల పంచ, ఒక బల్ల, ఒక శిష్యుడు. ఆయన బానెట్ తెరవలేదు. ముందుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు.

"మాస్టారూ, ఆగేటప్పుడు ఎట్లా ఆగుతోంది? తాళం తీసేసినట్టు టక్కున ఆగుతోందా, ఆయాసపడి ఆగుతోందా?"

"ఆయాసపడే ఆగుతోంది సాయిబుగారూ. కుదుపులిస్తుంది, లాగలేదు, తరువాత ఆగుతుంది."

"పొద్దున ఎప్పుడైనా ఆగిందా?"

"లేదు. మధ్యాహ్నమే. బయలుదేరిన అరగంటకు."

"వరదలో మునిగిందా?"

ఈ ప్రశ్న మరమ్మతుశాలలో ఎవరూ అడగలేదు.

ఈ మూడు ప్రశ్నలలోనే సగం పని పూర్తయిందని చెప్పవచ్చు. టక్కున ఆగే కారులో సాధారణంగా నిప్పురవ్వ అందడం లేదు, లేదా రిలే ఒక్కసారిగా విడిపోతున్నది. ఆయాసపడి ఆగే కారులో ఇంజనుకు ఆహారం క్రమంగా తగ్గుతున్నది. ఫ్యూజు కాలిపోతే ఇరవై నిమిషాలకు తనంతట తాను అతుక్కోదు కనుక దానిని వెంటనే విడిచిపెట్టవచ్చు. ఫిల్టరు మూసుకుపోతే ఇవే లక్షణాలు కనిపిస్తాయి, కాని దానిని అప్పటికే మార్చారు. చల్లబడితే బాగుపడుతున్నదంటే వేడికి పెరిగే లోపమేదో ఉన్నది.

ఆయన తాళం తిప్పించి, తాను కారు వెనుకకు వెళ్లి చెవి ఒగ్గాడు. ఇంజను తిప్పకముందే పంపు రెండు మూడు సెకన్లపాటు పనిచేసి, గొట్టంలో ఒత్తిడిని నింపి ఆగాలి. ఆ గుంయ్‌మనే చప్పుడు వినిపించింది. "పంపు బతికే ఉంది. కారు చల్లగా ఉంది కాబట్టి ఇప్పుడేమీ కనపడదు" అని చెప్పి, ఇంజను నడుపుతూ కారును ఎండలో నిలబెట్టించాడు. నలభై నిమిషాలు వేచి ఉన్నారు. మధ్యలో టీ వచ్చింది. రోగం తగ్గి ఉన్నవేళ నాడి చూసి లాభం లేదు.

ఇంజను తడబడటం మొదలుకాగానే ఆయన తన వద్దనున్న మంచి రిలేను పాతదాని స్థానంలో పెట్టాడు. తడబాటు పోలేదు. కనుక రిలే నిర్దోషి. తార్కికులు అన్వయ వ్యతిరేకాలని పేర్కొనే పద్ధతి ఇదే: ఒకటి ఉంటే మరొకటి ఉండటం, అది తొలగితే ఇదీ తొలగడం. పొగను చూసి నిప్పును ఊహించే విద్యార్థికి ఆ ఉదాహరణలో కష్టం కనిపించదు. నిప్పు ఐదు చోట్ల ఉండగల సందర్భంలోనే ఆ శాస్త్రం విలువ తెలుస్తుంది. అనుమానించిన వస్తువును కొని బిగించి చూడటం కూడా పైకి అటువంటి పరీక్షలాగే కనిపిస్తుంది. కాని అందులో పరీక్షకు మూల్యం చెల్లించేది పరీక్షకుడు కాదు.

తరువాత వెనుక సీటు పరుపు తొలగించి, టాంకు వైపు వెళ్లే తీగల కట్టను బయటపెట్టారు. పెట్రోలు ఆవిరి ఉండే చోటు. ఆయన నాలుగు తలుపులూ తెరిపించి, బ్యాటరీ తీగ విప్పించి, బీడీతో నిలబడిన పక్క దుకాణపు మనిషిని దూరంగా పంపి, అప్పుడు పంపు కనెక్టరును ఊడదీశాడు. బ్యాటరీ మళ్లీ తగిలించి, రిలే స్థానంలో ఫ్యూజుతో కూడిన చిన్న తీగను ఉంచాడు. అట్లా చేస్తే పంపుకు పోయే విద్యుత్తు ఆగకుండా వస్తూ ఉంటుంది.

ఉపాధ్యాయుడు తన మీటరును తెచ్చుకున్నాడు. కనెక్టరు రెండు కొనల మధ్య కొలిచాడు. 12.3 వోల్టులు! "ఇక్కడివరకు కరెంటు బాగానే వస్తోంది సాయిబుగారూ. నేను ఇంటిదగ్గర కూడా కొలిచాను. తీగల్లో లోపం లేదు" అన్నాడు. ఆయన ఇ.సి.యు. మాటను సగం నమ్మింది ఈ అంకె వల్లనే.

సాయిబు మారు మాట్లాడలేదు. బల్లమీదినుండి పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చాడు. దానికి రెండు తీగలు అతికించి ఉన్నాయి. రిలేచోటి తీగను తీయించి, పంపు ఉండవలసినచోట బల్బును తగిలించి, మళ్లీ తీగ పెట్టమన్నాడు. నిప్పురవ్వ లేస్తే ముందున్న ఇంజను దగ్గర లేవాలి గాని టాంకు దగ్గర లేవకూడదని ఆయన జాగ్రత్త. బల్బు వెలిగింది, ఆముదపు దీపంలా ఎర్రగా.

ఉపాధ్యాయుడు ఆ ఎర్రని తంతువును చూస్తూ కొంతసేపు మౌనంగా నిలబడ్డాడు. 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గెయోర్గ్ సైమన్ ఓమ్ ప్రకటించిన నియమాన్ని ఆయన ఎన్ని వందల మంది పిల్లలకు బోధించాడో లెక్కలేదు. తీగలో నిరోధం ఉన్నా, దానిలో ప్రవాహం లేనప్పుడు వోల్టేజి నష్టం ఉండదు. మీటరు లోపలి నిరోధం దాదాపు కోటి ఓములు. దాని గుండా సాగేది ఆంపియరులో పది లక్షలవ వంతు మాత్రమే. అంత సన్నని ప్రవాహానికి తుప్పుపట్టిన తీగ కూడా రాజమార్గమే. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు అడుగుతుంది. పంపు అడిగేదీ ఇంచుమించు అంతే. అడిగినప్పుడే కదా ఇవ్వలేనివాడు బయటపడేది! నియమం ఆయనకు తెలుసు. మీటరు పట్టుకొని కారు పక్కన నిలబడినప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. నల్లబల్ల మీద బ్యాటరీని, నిరోధాన్ని గీసేవారు తుప్పును గీయరు.

"ఇప్పుడు ఏ తీగ దొంగో చూద్దాం" అని సాయిబు, విద్యుత్తు ఆపించి, బల్బు రెండవ తీగను కారు తీగ నుండి విడదీశాడు. ఒక పొడవైన తీగతో దానిని నేరుగా బ్యాటరీ మైనస్ కొనకు కలిపించాడు. ఈసారి బల్బు కళ్లు మిరుమిట్లుగొనేటట్లు వెలిగింది. అంటే, బ్యాటరీ ప్లస్ నుండి వచ్చే తీగ మంచిదే. తిరిగి వెళ్లే దారిలో, వాడుకలో ఎర్తు అనే తీగలో, లోపమున్నది. కారులో ఆ తీగ బ్యాటరీ దాకా వెళ్లదు. సమీపంలో ఇనుప దేహానికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. దేహమే తక్కిన దారి.

పంపును తిరిగి కలిపి, ఇంజను నడుపుతూ, ఎర్తు తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెట్టమన్నాడు. ఇది ఉపాధ్యాయుని మీటరే. చక్కని ఎర్తుకు అక్కడ వోల్టులో పదో వంతు కూడా కనిపించకూడదు. 3.2 చూపింది. ఆయన వెంటనే లెక్కవేశాడు. ప్రవాహం నాలుగు ఆంపియర్లనుకుంటే అతుకు నిరోధం 0.8 ఓము. ఒక్క ఓమైనా లేదు! కాని ఆ అతుకు వద్ద దాదాపు 13 వాట్లు వేడిగా మారిపోతున్నాయి. వేడికి అతుకు ఇంకా క్షీణిస్తుంది; నిరోధం పెరుగుతుంది; పంపు నెమ్మదిస్తుంది; వంతెన ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పెట్రోలు కోరుతుంది, పంపు ఇవ్వలేదు. ఇరవై నిమిషాలలో అతుకు చల్లబడుతుంది. కొత్త పంపు ఎనిమిది రోజులు ఎందుకు నడిచిందో కూడా అప్పుడు అర్థమైంది. దానిని బిగించేటప్పుడు తీగలను కదిలించడంతో బోల్టు కింది తుప్పు కాస్త చెదిరి ఉంటుంది.

"అంటే పాత పంపు మంచిదేనా?"

"మంచిదే అయ్యుంటుంది మాస్టారూ. ఈసారి ఏది మార్చినా పాతది అడిగి తీసుకోండి."

తివాచీ ఎత్తితే ఎండిన బుడమేరు బురద పొరలా లేచింది. దాని కింద బోల్టు. విప్పితే ఇనుము ఎర్రగా, రాగి కొన పచ్చగా పొడి రాలింది. సాయిబు గరుకు కాగితంతో ఇనుమును తెల్లగా మెరిసేవరకు రుద్దాడు. తీగ కొనను కత్తిరించి, లోపలి రాగి నల్లగా ఉండటం చూపించాడు. ప్లాస్టిక్ తొడుగు లోపల నీరు వత్తిలో నూనెలా పైకి పాకుతుంది. మూడు అంగుళాలు కత్తిరిస్తే గాని ఎర్రని రాగి కనిపించలేదు. కొత్త ముక్క అతికి, కొత్త కొన బిగించి, పళ్ల వాషరు వేసి, పైన వాసెలిన్ పూశాడు. అంతా పది నిమిషాల పని. శిష్యుడితో, "ఒరే అబ్బాయ్, ముందు రెండు ఎర్తులూ ఇప్పి చూడరా. వరద ఒక్కచోటే తాగదు" అన్నాడు. ఆ రెండింటిలో ఒకదానికి కూడా పచ్చదనం మొదలయింది.

మళ్లీ మీటరు పెట్టారు. 0.04.

సాయిబు 500 రూపాయలు తీసుకున్నాడు. ఉపాధ్యాయుడు మరికొంత ఇవ్వబోతే, "బోల్టు ఖరీదు కూడా కలిపాను" అని నవ్వాడు. ఆయన మరొక బల్బుకు రెండు తీగలు అతికించి ఇవ్వమని కోరితే మాత్రం కాదనలేదు.

ఆ వచ్చే మంగళవారం ఎండ మరీ తీవ్రంగా ఉంది. ఆసుపత్రి నుండి బయలుదేరినప్పుడు ఆమె వెనుక సీటులో తలగడ సర్దుకొని కళ్లు మూసుకుంది. వంతెన సమీపించగానే ఉపాధ్యాయుని చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. కారు రెండవ గేరులో ఎక్కింది, పైకి చేరింది, దిగువన సింగ్‌నగర్ ఇళ్లు కనిపించాయి. ఆమె కళ్లు తెరవకుండానే, "వంతెన వచ్చిందా అండీ?" అని అడిగింది. "దాటాం" అన్నాడు.